మూడో పెనం

అనగనగా, బెల్లం వాసన తప్ప మరో వాసన ఎరగని ఊరు ఒకటుండేది. ఆ ఊళ్లో పోలయ్య పొయ్యిలు కట్టేవాడు. అతని భార్య సన్యాసమ్మ కామందు భూషణంగారి బెల్లం పొయ్యి ముందు కూర్చుని, మంటలోకి చెరకు పిప్పి ఎగదోసేది.

ఆ పొయ్యి మీద ఒకటే పెనం. సగం వేడి పొగగొట్టంలోంచి ఆకాశానికి పోయేది. పిప్పి చాలక ఏటా గట్ల మీది తుమ్మచెట్లు కొట్టేవారు.

చూడలేక పోలయ్య, పొయ్యికీ గొట్టానికీ మధ్య మట్టితో కాలవ కట్టి, దాని మీద రెండో పెనం పెట్టాడు. పోయే పొగే పచ్చిరసాన్ని కాచిపెట్టింది. మట్టి ఊరిదే, చాకిరీ తనదే. చెట్లు నరికే పని తప్పింది.

కామందు మురిసిపోయాడు. కానీ వేలందిస్తే చెయ్యి మింగే రకం ఆయన.

"మూడోది కూడా పెట్టరా" అన్నాడు.

"వద్దు బాబూ. గొట్టం ఎక్కాలంటే పొగకి కాస్త వేడుండాల. అదీ లాగేస్తే ఎనక్కొస్తాది."

మర్నాడూ అడిగాడు. పోలయ్య మళ్లీ వద్దన్నాడు.

మూడోనాడు కామందు అడగలేదు. "నువ్వు కట్టకపోతే పొరుగూరివాడు కడతాడు. ఇక నువ్వూ నీ పెళ్లామూ నా గడప తొక్కక్కర్లేదు" అన్నాడు.

కూడు పోతుందని జడిసి పోలయ్య ఒక్క బీట లేకుండా మూడో పెనానికీ కాలవ కట్టిచ్చాడు.

చల్లబడ్డ పొగ పైకి పోలేక పొయ్యి నోట్లోంచే వెనక్కి తన్నింది. మంట మందగించింది. "నీకు మంటెయ్యడం చేతకాదటే!" అని కామందు కసిరితే, సన్యాసమ్మ పొయ్యిలో తల పెట్టినంత పనిచేసి ఊదింది.

"కళ్లు మండిపోతన్నాయి మావా" అంది ఇంటికొచ్చి.

"గాలి తిరిగితే సర్దుకుంటాదిలే" అన్నాడు పోలయ్య. అబద్ధమని అతనికి తెలుసు.

చెరకు సగం ఆడేసరికి ఆమెకు చూపు పోయింది. "నువ్వు కట్టిన పొయ్యే కదా మావా, నాకేటవుతాదిలే అనుకున్నాను" అంది.

పోలయ్య ఏడుస్తూ వెళ్లి మూడో పెనం పగలగొట్టాడు. పొగ తిన్నగా పైకి పోయింది. కామందు "నువ్వన్నదే నిజంరా" అని ఒప్పుకుని, పొయ్యి ముందు ఇంకో ఆడమనిషిని కూర్చోబెట్టాడు.

పోలయ్య మాట నెగ్గింది. నెగ్గి ఏం లాభం!

పిల్లలూ, ఆశపోతు అడగడం ఎన్నటికీ మానడు. కీడని తెలిసీ వాడికి చెయ్యి అందించినవాడు వాడికన్నా పాపిష్ఠి.