కలపని పేక

శరభయ్య ఆట నడుపుతుంటే జనం ఆవలిస్తున్నారు. గురువుగారు నడుపుతుంటే అదే జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారు. పేకముక్కలు అవే, ఆటా అదే. తేడా ఎక్కడుందో అంతుబట్టక పాపం శరభయ్యకి తిండి సయించడం మానేసింది.

గురువుగారు చెన్నబసవయ్య అయ్యవారి మఠంలో బోధ తక్కువ, ఆట ఎక్కువ. వచ్చినవాళ్ళు కథలో బాటసారులవుతారు. కథ నడిపేవాడు ఒక్కో ముక్క తిప్పుతాడు. ఇస్పేటు పడితే ఆపద, ఆఠీను పడితే మనిషి సాయం, డైమను పడితే నిధి, కళావరు పడితే కొత్త దారి. అప్పుడేం చేయాలో బాటసారులే చెప్పాలి. అయ్యవారికి ఈమధ్య చూపు మందగించి ముక్కల మీది బొమ్మలు ఆనడం లేదు. పేక ఎవరో ఒకరికి అప్పగించక తప్పదు.

"రేపు నువ్వు నడుపు," అన్నారు శిష్యుడు శరభయ్యతో. "భోజనాల గంట కొట్టినా ఒక్కరూ లేవకపోతే పేక నీది."

ఇంక చూడండి, శరభయ్య బ్రహ్మాండమైన కథ ఒకటి అల్లాడు. దానికి తగ్గట్టు ముక్కలన్నీ వరసగా పేర్చుకున్నాడు. రావాల్సిన చోట పులి, రావాల్సిన చోట రాణి. అన్నిటికంటే పెద్ద ఆపద ఇస్పేటు ఆసు, అది ఆఖర్న. మర్నాడు అందరి ముందూ పేక కలిపినట్టు నటించి ఆట మొదలుపెట్టాడు.

ఏటికి వరదొచ్చి మఠంలో చిక్కుకుపోయిన లారీ డ్రైవరు హనీఫ్, మిరపకాయల వ్యాపారం చేసే ఆదెమ్మ బాటసారులయ్యారు. మిగతావాళ్ళు చుట్టూ మూగారు.

అడవిలో పులి ఎదురైంది.

"నా సద్దిమూట దాని ముందర పారేస్తా," అంది ఆదెమ్మ.

"కాదమ్మా, నువ్వు చెట్టెక్కాలి." చెట్టు మీద తేనెపట్టు ఉంది మరి, తరవాతి ముక్కలో.

"ఈ మోకాళ్ళతోనా స్వామీ?"

"ఎక్కేశావమ్మా, అయిపోయింది."

ఆదెమ్మ మూతి ముడుచుకుంది. కథ ఏటి ఒడ్డుకు చేరి అందరూ పడవెక్కేసరికి, లారీ చూసుకోవాలన్న వంకతో హనీఫ్ చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అప్పుడు అయ్యవారు గోడ తడుముకుంటూ వచ్చి వాళ్ళ పక్కన చతికిలబడ్డారు. "నన్నూ మీ పడవలో ఎక్కించుకోండప్పా," అంటూ చేయి చాపారు.

దారి మధ్యలో కొత్త బాటసారి కలిస్తే ఆ మనిషి చేత పేక కలిపించాలి. అది మఠం ఆనవాయితీ. శరభయ్య కాదనలేక మిగిలిన పేక ఇచ్చాడు. అయ్యవారు తాపీగా, ఒకటికి నాలుగుసార్లు కలిపి తిరిగి అతని ముందు పెట్టారు. అంత కష్టపడి అల్లిన కథ కాస్తా గాలికి పోయింది.

శరభయ్య ముక్క తిప్పాడు. నట్టేట్లో ఇస్పేటు ఆసు!

"పడవ... పడవ అడుగు పగిలింది!" ఆ కేక తన గొంతులోంచే వచ్చిందంటే అతనికే నమ్మకం కుదరలేదు. "నీళ్ళొచ్చేస్తున్నాయి! ఏం చేస్తావు ఆదెమ్మా, తొందరగా చెప్పు!"

"కొంగు చించి కన్నంలో కుక్కుతా!"

"నేను తోడుతుండా! బకెట్టు యాడుందప్పా?" హనీఫ్ చెప్పులు వదిలేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాకు కండ్లు కనపడవు గదా," అన్నారు అయ్యవారు. "నేను హైలెస్సా అందుకుంటా. మీరు తోడండి."

చుట్టూ ఉన్నవాళ్ళంతా గొంతు కలిపారు. శరభయ్య ఇంకో ముక్క తిప్పాడు. మళ్ళీ ఇస్పేటే.

"మొసలి!" అని అరిచాడు.

ఆదెమ్మ ఎగిరి కూర్చుంది. "సద్దిమూట ఇంకా నా దగ్గరే ఉంది స్వామీ! అప్పుడు నువ్వే పారెయ్యనీలేదు. ఇదిగో, దాని నోట్లోకే విసిరినా!"

భోజనాల గంట మోగింది. వంకాయ కూర వాసన గుప్పుమంది. ఒక్కరూ కదల్లేదు. శరభయ్య తరవాతి ముక్క మీద వేళ్ళు ఆనించాడు.

అయ్యవారు అతని వైపు వంగారు. "మొసలి ఏం చేస్తుందిరా?"

"నాకూ తెలీదయ్యవారూ!" అన్నాడు శరభయ్య, ముఖం వెలిగిపోతుండగా.

"అయితే పేక నీదే. తిప్పు."