ఉయ్యాల తెరకు లోపలి వైపు

అనగనగా సుత్తి మోతతో నిద్ర లేచే ఊరొకటి ఉండేది మల్లీ. ఆ ఊళ్ళో కంచరి వీధి. మగవాళ్ళు బిందెలూ చెంబులూ కొట్టేవాళ్ళు. ఆడవాళ్ళు వాటిని చింతపండేసి తోమేవాళ్ళు. సుత్తి మాత్రం ఆడది ముట్టకూడదు. ఎందుకని అడక్కు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ వీధిలో ఆదెమ్మ అని ఒకావిడ. మొగుడు పోయాడు. అప్పుడు మొగుడి సుత్తి తానే పట్టుకుంది. పెద్దమనుషులు వచ్చి, "సుత్తి బరువమ్మా, నీ వల్ల కాదు" అన్నారు.

"మీ ఇళ్ళకి నీళ్ళబిందెలు ఎవరు మోసుకొస్తున్నారు నాయనా?" అంది ఆదెమ్మ.

వాళ్ళు గడప దిగి వెళ్ళిపోయారు.

సుత్తి ఉంది సరే, బిందెకు సరిపడా రేకు ఆవిడకి ఎవరిస్తారు? కొట్ల ముందు రాలిన రాగి తునకలు, ఇత్తడి తునకలు ఏరుకుంది. వాటిని నిప్పుల్లో కాల్చి మెత్తబరిచి, ఆకుల్లా, చేపల్లా కత్తిరించి, పాత చీరల మీద కుట్టింది. గోడకు వేలాడదీస్తే దీపం వెలుగుకి ఆ గుడ్డ ప్రాణమున్నట్టు కదిలేది. ఆ తర్వాత నేర్పమని వచ్చిన ప్రతి ఆడపిల్లకీ నేర్పింది.

చేపలు కూడానా అంటావా? చేపలు కూడా. నువ్వు కళ్ళు మూసుకుని విను.

అలా వచ్చినవాళ్ళలో గవరమ్మ అని ఒక పిల్ల. వాళ్ళ నాన్న లేడు, అమ్మ కూలికి పోతుంది. అక్క పురిటికి వచ్చి ఆడపిల్లని కంది. బారసాలకి అక్క అత్తగారు కోటమ్మ వస్తుంది. ఉయ్యాల పుట్టింటివాళ్ళే కట్టాలి కదా. తొట్టి పక్కింటివాళ్ళు ఇస్తామన్నారు. దాని మీద కప్పే తెర మాత్రం లేదు. పెళ్ళినాడే కోటమ్మ, "కూలివాళ్ళ ఇల్లు, వీళ్ళేం పెడతారు" అని నలుగురిలో అనేసింది. ఆ మాట అక్క ఇప్పటికీ మింగుతూనే ఉంది. ఈ బారసాలకి కూడా ఆ మాట పడకూడదని గవరమ్మ పట్టుదల.

"పిన్నీ, చూసినవాళ్ళ కళ్ళు చెదిరే తెర కుడతాను" అంది.

"కుట్టు" అంది ఆదెమ్మ.

గవరమ్మ మొదట ఆకులకి మేకుతో కన్నాలు పొడిచి దారంతో కుట్టింది. ఆదెమ్మ ఒక్క దులుపు దులిపింది. ఆకులు గలగలా రాలిపోయాయి. కన్నం పొడిస్తే వెనకపక్క ముల్లులా లేస్తుంది మల్లీ, అదే దారాన్ని కోసేస్తుంది.

గవరమ్మ ముళ్ళ సంగతి పట్టించుకోలేదు. దారం మానేసి సన్నటి రాగి తీగతో కుట్టింది. అప్పుడు తీగ గట్టిగానే ఉంది, పాత చీరే చిరిగింది.

మూడోసారి కన్నం కింద గుడ్డ మడత పెట్టి, దారం మైనంతో రుద్ది కుట్టింది. ఆకులు ఒక్కటీ ఊడలేదు. తెర నిండా రాగి ఆకులు ధగధగలాడాయి. రేపు బారసాల అనగా పొద్దువాలే వేళకి ఎత్తుకొచ్చి చూపించింది.

ఆదెమ్మ ఇంట్లో ఒక ఆచారం ఉంది. లోహం కుట్టిన గుడ్డ ఏదైనా గడప దాటే ముందు, కుట్టినవాళ్ళు తమ చెంపకి రాసుకోవాలి. గవరమ్మ రాసుకుంది. నున్నగా ఉంది.

"తిప్పి రాసుకో" అంది ఆదెమ్మ.

తిప్పి రాసుకుంది. గుడ్డలోంచి పొడుచుకొచ్చిన ముళ్ళు గీరుకుని చెంప మీద ఎర్రటి గీత పడింది.

"బిడ్డ ఉయ్యాల్లో పడుకుని ఏ పక్క చూస్తుందే?"

గవరమ్మ తెర పైకెత్తి కిందినుంచి చూసింది. అందమంతా పైన వచ్చేపోయేవాళ్ళకి. బిడ్డకి కింద ముళ్ళూ, ముడులూ.

"కోటమ్మ నోరు మూయించడానికి కుట్టావు. పిల్ల సంగతే మరిచావు" అంది ఆదెమ్మ.

గవరమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని కత్తెర అడిగింది. కుట్టిన ఆకులన్నీ విప్పేసింది. ఒక్కో ఆకు వెనక ముల్లు ఆకురాయితో అరగదీసి, చెంపకి రాసుకుని, ఈసారి లోపలి వైపు కుట్టింది. ఆదెమ్మ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది, అంతే. తెల్లారేసరికి ఆకులు సగానికి సగం కుట్టకుండా మిగిలే ఉన్నాయి. బయటికి మాత్రం వట్టి పాత చీర, దాని మీద కుట్ల చుక్కలు.

బారసాలకి కోటమ్మ వచ్చింది. తెరని వేలితో ఇలా తోసి, "ఇదేనా? మా ఇంట్లో గిన్నెలు దించే మసిగుడ్డ ఇంతకన్నా నయం" అంది. అక్క తల దించేసుకుంది. గవరమ్మ పళ్ళబిగువున నిలబడింది.

అప్పుడు ఉయ్యాల్లో పిల్ల ఏడిచింది. కోటమ్మ మనవరాలిని ఎత్తుకుందామని వంగి, తెర కిందికి తల దూర్చింది. దూర్చిన తల బయటికి రాలేదు.

అందరూ చూస్తున్నారు. నడుం వంచుకుని అలాగే ఉంది ఆవిడ. లోపల గాలికి రాగి ఆకులు సన్నగా మోగుతున్నాయి. పిల్ల ఏడుపు ఎప్పుడో ఆపేసి, నోరు తెరుచుకుని పైకి చూస్తోంది. అవ్వా మనవరాలూ ఒకే ఆకుని చూస్తున్నారు.

చాలాసేపటికి లోపలినుంచే కోటమ్మ గొంతు వచ్చింది. "ఈ తెర మా ఇంటికి పంపాలి. నలగకుండా మడతపెట్టండి."

"తొట్టి పక్కింటివాళ్ళది, తెర పట్టుకెళ్ళండి" అంది గవరమ్మ. కోటమ్మ తెర లోపల నవ్విందో, మూతి ముడిచిందో ఎవరికీ కనబడలేదు.

మర్నాటినుంచి గవరమ్మ కూడా నేర్పడం మొదలుపెట్టింది. వచ్చిన పిల్లలకి సూది ఇచ్చే ముందు, పైన ఒక తెర కట్టి, కింద వెల్లకిలా పడుకోబెట్టేది.

ఏదీ మల్లీ, నీ చెంప ఇటు తిప్పు, ముద్దు పెట్టుకోనీ.

కథేమో పోయింది కంచికి,
మనమేమో చేరాం పక్కకి.
రాగి ఆకు ఊగింది గాలికి,
నిద్దరొచ్చింది మల్లి కంటికి.