నీలినీళ్లలో కత్తి

మురాద్ బేగ్‌కి ఆ కొండమీద కాలు నిలవడం లేదు. పొద్దున లేచింది మొదలు కాలుగాలిన పిల్లిలా తొట్టి చుట్టూ తిరగడమే పని. నీళ్లలోంచి కత్తి తీయడం, అటూ ఇటూ తిప్పి చూడటం, తిట్టుకుంటూ మళ్లీ వేయడం.

ఆ కొండ ఒకప్పుడు రాగి గని. మంచి రాయంతా రాజులు తవ్వుకుపోయారు. కొలిమికి పనికిరాదని పారేసిన నాసిరాయి మాత్రం గుట్టలుగా మిగిలింది. తురాబ్ షా బాబా అనే ఫకీరు ఆ గుట్టల పక్కనే గుడిసె వేసుకున్నాడు. ఆయన శిష్యులు గుట్టమీద నీళ్లు పోస్తారు. అవి రాళ్లలోంచి మెల్లగా దిగి, నీలంగా మారి, కింద రాతితొట్టిలో చేరతాయి. అందులో పాత ఇనుము వేస్తే ఇనుము కొంచెం కొంచెంగా కరిగిపోతుంది, దాని చోట ఎర్రటి రాగి పేరుకుంటుంది. ఆ రాగి గీకి, కరిగించి, వచ్చేపోయేవాళ్లకి అన్నం వండే డేగిసాలు చేయిస్తారు.

అక్కడొక ఆచారం ఉంది. శిష్యుడవుతానని వచ్చినవాడు తన పాత బతుకులోని ఇనుము ఏదైనా తొట్టిలో వేయాలి. దానిమీద రాగి పట్టిన రోజున బాబా అతని చెయ్యి పట్టుకుంటాడు. అప్పటిదాకా ఎంతటివాడైనా అతిథే.

మురాద్ నవాబు దండులో పేరుమోసిన రౌతు. అన్నీ వదిలేసి వచ్చి కత్తి వేశాడు. అతని తర్వాత వచ్చిన మంగలి లాలప్ప కత్తెర వేస్తే అది చక్కగా ఎర్రబడింది, బాబా లాలప్ప చెయ్యి పట్టుకున్నాడు కూడా. మురాద్ కత్తి మాత్రం వేసింది వేసినట్టే తళతళలాడుతోంది. అది చూసినప్పుడల్లా అతనికి పుండుమీద కారం చల్లినట్టుంటుంది.

"ఓర్చినమ్మకు తేటనీరన్నారు, బేగ్ సాబ్," అన్నాడు లాలప్ప, ఓదార్పుగానే.

"నాకు తేటనీరొద్దు. రాగి కావాలి," అని కసిరాడు మురాద్.

ఆ మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, నీళ్లోడుతున్న కత్తితో గుడిసెలోకి దూసుకెళ్లాడు.

"బాబా, మీ రాళ్లు చచ్చిన రాళ్లైనా అయ్యుండాలి, నేను మీకు నచ్చకపోయైనా ఉండాలి. ఏదో ఒకటి చెప్పేయండి, పోతాను. దండులో నా గుర్రం ఇంకా ఉంది."

బాబా ఒత్తులు చేసుకుంటున్నాడు. "కత్తి ఇటివ్వు," అన్నాడు.

ఒక ఒత్తి తీసుకుని పిడి నుంచి మొన దాకా గట్టిగా తుడిచాడు. దాన్ని ఉత్త ప్రమిదలో పెట్టి, పొయ్యిలోని పుల్లతో అంటించాడు. ఒత్తి చిటపటలాడి వెలిగింది. నూనెచుక్క లేని ప్రమిదలో అలా వెలుగుతూనే ఉంది.

మురాద్ మొహం పాలిపోయింది. రౌతులు కత్తికి మైనం కలిపిన నూనె రాస్తారు. తను చూడటానికి బయటికి తీసినప్పుడల్లా, ఓసారి రాసి మళ్లీ నీళ్లలో వేసేవాడు. చిన్ననాటినుంచీ చేతికి పట్టిన అలవాటు, తప్పని తోచనే లేదు.

"పాడైపోతుందేమోనని..." అని గొణిగాడు.

"పాడవ్వాలనే కదయ్యా వేయమన్నది," అన్నాడు బాబా.

ఎన్ని పోరాటాల్లో ప్రాణం కాపాడిందో ఆ కత్తి. దానివల్లే ఊళ్లో జనం అతన్ని చూస్తే లేచి నిలబడేవాళ్లు.

"ఇది పోతే నేనెవర్ని బాబా?"

బాబా పొయ్యిలోంచి చల్లారిన బూడిద తీసి అతని దోసిట్లో పోశాడు.

మురాద్ తొట్టి గట్టుమీద కూర్చుని కత్తి తోమాడు. ఏడుస్తూనే తోమాడు. జిడ్డంతా వదిలాక, కుడిచేత్తో పిడి పట్టుకుని మొన నీళ్లలోకి దించాడు. చూస్తుండగానే ఇనుము మీద ఎర్రదనం పాకింది. అక్కడితో చెయ్యి ఆగిపోయింది, పిడిని వదల్లేకపోయింది.

పక్కకొచ్చి నిలబడ్డ బాబా తన చెయ్యి చాచాడు.

ఇన్నాళ్లూ ఎదురుచూసింది దాని కోసమే. మురాద్ గబుక్కున ఎడమచెయ్యి అందించాడు.

"ఇది కాదు, నాయనా," అన్నాడు బాబా. "అది."