ఈటె ఉన్నా లేకున్నా ఒకే మాట

అనగనగా ఒక వెచ్చని సముద్రం, ఆ సముద్రంలో పగడాల దిబ్బలు, ఆ దిబ్బల నడుమ ఒక తెరచాప పడవ. ఆ పడవే ఎల్లాజీకి ఇల్లు. భార్య పైడమ్మ, పాలపళ్లు ఇంకా ఊడని కూతురు బుల్లెమ్మ, ఒక ఈటె. అంతే అతని సంసారం.

సాయంత్రం కాగానే పైడమ్మ ఎసరు పెట్టేది. ఎల్లాజీ ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి, ఈటెతో ఒక చేపను పొడిచి తెచ్చేవాడు. ఆ పూటకు అదే కూర.

వాళ్ల వంశంలో ఒక ఆచారం ఉంది. కొన్ని దిబ్బల మీద విషపు పాచి పెరుగుతుంది. ఆ పాచి విషం ఒంటికెక్కిన చేపను తింటే మనిషికి కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి. ఏ చేపలో విషముందో చూస్తే తెలియదు. అందుకని కొత్త దిబ్బ దగ్గర ముందు చేపను అడగాలి, ఆ తరువాతే పొడవాలి.

ఒకనాడు గాలివాన వాళ్ల పడవను ఎన్నడూ ఎరగని దిబ్బ దగ్గరకు నెట్టింది. దాచుకున్న ఎండుచేపలు అలల్లో కొట్టుకుపోయాయి. బుల్లెమ్మ వట్టి గంజి తాగలేక ఏడుస్తోంది.

ఎల్లాజీ ఈటె పట్టుకుని మునిగాడు. పసుపు చారల చేప ఎదురైంది.

"చేపమ్మా, నిన్ను తినవచ్చునా?"

"అయ్యో నాయనా! నా ఒళ్లంతా విషమే" అంది చారల చేప.

హడలిపోయి పైకి తేలాడు. మళ్లీ మునిగితే ఎర్ర చేప కనిపించింది.

"నాకన్నా విషపు చేప ఈ సముద్రంలోనే లేదు బాబూ" అంది అది.

మూడోసారి మునిగాడు. రాతి సందులో తిరగలంత పెద్ద ముసలి చేప ఉంది. అడిగితే, "నన్ను తినకూడదు. నాలో విషముంది" అంది నెమ్మదిగా.

ఎల్లాజీకి ఏమీ పాలుపోలేదు. మూడూ విషపు చేపలేనా? మూడూ అబద్ధాలేనా? లేక ఒకటి నిజమా? అయితే ఏది? ఈటె ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ఈ ఆలోచనలో పడి ఊపిరి సంగతి మరిచాడు పాపం! ఉక్కిరిబిక్కిరై పైకి వచ్చాడు.

"ఏటి మావా, ఒట్టి సేతుల్తో వచ్చినావు?" అని అడిగింది పైడమ్మ.

జరిగింది చెప్పాడు. "నా బుర్ర పని సెయ్యట్లేదే. అన్నీ ఒకే మాట సెప్తన్నాయంటే అన్నీ అబద్దవే. ఆ ముసల్దాన్ని పొడిసేత్తాను."

"అది నిజవే సెప్పుంటే? తినేది మన బుల్లి గదా?"

పైడమ్మ ఎల్లాజీ చేతిలోని ఈటె తీసుకుని పక్కన పెట్టింది. "ఇది లేకుండా ఎల్లి మళ్లీ అడుగు."

"ఈటె లేకుండా ఏటకి ఎల్తారేటే?"

"ఏటాడమన్లేదు. అడగమన్నాను."

ఎందుకో అర్థం కాకుండానే మునిగాడు ఎల్లాజీ.

అతని ఖాళీ చేతులు చూసి చారల చేప పకపకా నవ్వింది. "విషమా? మా వంశంలోనే లేదు!"

"నా అంత రుచి ఎవరికుంది?" అని ఎర్ర చేప తోక విసిరింది.

ఎల్లాజీ మరింత తికమకపడ్డాడు. వీటి ఏ మాట నమ్మి బిడ్డకు పెట్టాలి? ఇందాకటిదా, ఇప్పటిదా?

ముసలి చేప మాత్రం కదలలేదు. "ఇందాకే చెప్పాను కదయ్యా. నాలో విషముంది. పాచి మేసిన చేపలను తినితినే ఇంత పెరిగాను."

ఎల్లాజీ చేతులారా ఆ విషమే బుల్లెమ్మ నోట్లో పెట్టబోయాడు! "తాతా, మరి నా బిడ్డకు ఏం పెట్టను?" అన్నాడు దీనంగా.

"దిబ్బకు అవతల, లోతు నీళ్లలో వంజరాల గుంపు పోతోంది. అవి ఈ పాచి ఎరగవు. త్వరగా వెళ్లు."

ఈసారి ఎల్లాజీకి అనుమానం కలగలేదు. ఈటె తీసుకుని అవతలకు ఈదాడు, ఒక్క వంజరాన్ని తెచ్చాడు. బుల్లెమ్మ పులుసన్నం కడుపారా తిని, తల్లి ఒళ్లోనే నిద్రపోయింది. తెల్లవారి చక్కగా లేచి మళ్లీ పులుసు కావాలంది.

ఆనాటి నుంచి ఆ వంశంవారు కొత్త దిబ్బ దగ్గర రెండుసార్లు అడుగుతారు. ఈటెతో ఒకసారి, ఈటె లేకుండా ఒకసారి.

కనుక పిల్లలూ, భయంలోనూ భయం తీరాకా ఒకే మాట చెప్పేవారినే నమ్మాలి.