ఉత్తరేణి గింజలు తల ఎందుకు దించుకున్నాయి

ఒకప్పుడు ఉత్తరేణి గింజలు ఎవరినీ పట్టుకునేవి కావు. మెత్తగా, మర్యాదగా ఆకాశం కేసి చూస్తూ కూర్చునేవి. గాలి వచ్చి తీసుకెళ్తుందిలే అని. నాలాగే, పిలుపు వస్తే తప్ప కదలని రకం. నాకు పిలుపులు ఎన్నొస్తాయో చెప్పుకుంటే సిగ్గు.

ఊరి నడుమ ఒక అడవిముక్క మిగిలి ఉండేది. చుట్టూ మిద్దెలే. అక్కడ ఇంకో మిద్దె లేవాలని ఒకరోజు పోలయ్య కొడవలీ అగ్గిపెట్టే పట్టుకుని వచ్చాడు. నరుకుతూ, తగలబెడుతూ ముందుకొస్తున్నాడు.

ఉత్తరేణి తల్లికి ఒంటినిండా గింజలే. కాళ్ళు మాత్రం లేవు.

"మేకమ్మా, నా పిల్లల్ని అవతలికి దాటించవూ?"

"దాటిస్తా. నా కడుపులో పెట్టుకుని. సరేనా?" అంది మేక.

"గాలి మామా, నువ్వయినా!"

"ఇవాళ మంటకి ఊదే పనిలో ఉన్నానే. తీరిక లేదు," అన్నాడు గాలి మామ.

పక్కనే రేగుచెట్టు, సగం కాలిపోయి ఉంది. "పిచ్చిదానా, అడిగితే ఎవరు మోస్తారే? పట్టుకోవాలి."

"పట్టుకోవడానికి మాకు ముళ్ళు లేవు కదక్కా."

"మంటని దగ్గరికి రానీ. అవే వస్తాయి."

వచ్చాయి. సెగకి గింజల చుట్టూ ఉన్న రేకులు బిగుసుకుపోయి సూదులయ్యాయి.

"తలలు దించండర్రా," అంది తల్లి. "మంటని చూడకండి. కాళ్ళని చూడండి. ఏ కాలొస్తే ఆ కాలు పట్టుకోండి."

"అమ్మా, వచ్చేది పోలయ్య కాలే!"

"బయటికి పోయేదీ అదే. పట్టుకోండి."

కొడవలి తల్లి మీద పడింది. పిల్లలు పోలయ్య పంచె మీద పడ్డారు. వెనక తల్లి పొగైపోయింది. ఒక్కరూ తలెత్తి చూడలేదు.

ఇంటికొచ్చిన పోలయ్యని చూసి పెళ్ళాం గంటమ్మ నెత్తి కొట్టుకుంది.

"అడవంతా నరికేస్తానన్నావు, సగం పంచెకంటించుకొచ్చావేం? ఉతికేది నేనేగా!"

గింజగింజనీ తిట్టుకుంటూ పీకి, పెరటి గోడ పక్కన పారేసింది. తొలకరికి అన్నీ మొలిచాయి.

అప్పటినుంచే ఉత్తరేణి పువ్వుగా ఉన్నంతకాలమే పైకి చూస్తుంది. గింజ అయిందా, తల దించేసి, దారిన పోయే కాళ్ళ కోసం కాచుకుంటుంది. మొన్న ఊళ్ళో ఇంకా మిగిలిన చెట్లూ చేమలూ చూద్దామని పోయి నేనూ పంచెనిండా మోసుకొచ్చాను. మంచివాణ్ణని గుర్తుపట్టాయి కాబోలని మురిసిపోయాను కూడా. అదేం లేదు. అవి మనిషి మొహం చూడనే చూడవు.