దిగివచ్చిన మబ్బుకొలను

పూర్వం తూర్పు కనుమల నడుమ జాజులకోట అనే చిన్న సీమను పోచినాయకుడనే దొర ధర్మం తప్పకుండా పరిపాలిస్తూ ఉండేవాడు. శౌర్యంలో గాని, దానగుణంలో గాని ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఉన్న లోపమల్లా తొందర. విస్తట్లో పెరుగన్నం వడ్డించకముందే చేయి కడుక్కొనేటంత తొందర. ఆ కోటకు పడమటి దిక్కున, మూడు కొలనులను ఒడిలో పెట్టుకొని కునుకు తీస్తున్నట్లుండే ఒక కొండ ఉన్నది. దిగువన తామరకొలను, నడుమ అద్దాలకొలను, శిఖరాగ్రాన మబ్బుకొలను. మబ్బుకొలనులో నీటికన్నా మేఘాలే ఎక్కువని, దాని గట్టున కూర్చున్నవారికి తాము మేలుకొని ఉన్నదీ కలగంటున్నదీ తెలియదని పెద్దలు చెప్పుకొనేవారు. కొండ కొలనమ్మవారిది గనుక పొద్దు గూకేలోగా మనుషులంతా దిగిపోవాలని, రాత్రివేళ అక్కడ ఎవరూ ఉండరాదని కట్టడి.

దొరగారి తల్లి పేరు ప్రోలమాంబ. కొడుకు పసితనంలో మశూచి సోకి, మూసిన కన్ను తెరవకుండా పడి ఉన్ననాడు ఆ ఇల్లాలు కొండవైపు తిరిగి కొంగు పరిచి, బిడ్డ బతికితే తన కాళ్ళతో తానే నడిచివచ్చి, ఒక్క పగటిలో మూడు కొలనులలోనూ స్నానమాడి, దీపాలవేళకు ఇల్లు చేరి దీపం వెలిగిస్తానని మొక్కుకొన్నది. కొలనమ్మ కరుణించింది, బిడ్డ లేచి ఆడుకొన్నాడు. మొక్కు మాత్రం పంటలని, పెళ్ళిళ్ళని, పురుళ్ళని ఏటికేడు వెనక్కి జరిగింది. మన మొక్కులన్నీ ఇంతే కదా, గండం గడిచేదాకా ఒక మాట, గడిచాక ఇంకొక మాట! తీరా తీరిక దొరికేనాటికి ఆమె మోకాళ్ళు మొరాయించాయి. అమ్మవారికిచ్చిన మాట చెల్లించకుండానే కన్ను మూస్తానేమోనన్న దిగులు ఆమెను పట్టుకొన్నది. అన్నం సహించేది కాదు, కొండవైపు చూసినప్పుడల్లా కళ్ళ నీళ్ళు తిరిగేవి.

ఆ సంగతి తెలిసిన పోచినాయకుడు "ఆలస్యం అమృతం విషం" అని అప్పటికప్పుడే ప్రయాణం కట్టాడు. సంబరం చూడవలసిందే! ముందు దారి నరికేవాళ్ళు, వాళ్ళ వెనుక గుడారాలవాళ్ళు, వంటవాళ్ళు, గంగాళాలు, మేళతాళాలు. దొరగారు స్వయంగా అందరికన్నా ముందు పరుగులాంటి నడకతో ఎక్కి, ఒక చెట్టునీడన తన బలగంతో కూర్చొని, తల్లి కోసం ఎదురుచూసేవాడు. ఆమె ఆయాసపడుతూ చివరికి ఆ నీడకు చేరగానే, "వచ్చావా అమ్మా, ఇక పద" అని అందరూ ఒక్కుమ్మడిగా లేచేవారు. ఇలా చెట్టుచెట్టుకూ జరిగింది. పొద్దు నడినెత్తి దాటేసరికి ఆమె తామరకొలనులో మునిగి, అద్దాలకొలను దరిదాపులకైనా చేరకుండానే దారిలో కూలబడింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు, అంత బలగమూ ఒక్క కొలను చూసి దిగివచ్చింది.

ఆ సాయంకాలం ప్రోలమాంబకు దుఃఖంతోపాటు కోపమూ వచ్చింది. "ఒరే నాయనా, నేను నడిచినంతసేపూ మీరు కూర్చున్నారు. నేను కూర్చోబోయేసరికి మీరు లేచారు. పొద్దుటినుంచి మీరంతా పదిసార్లు అలుపు తీర్చుకొన్నారు, నాకు ఒక్కసారైనా దక్కిందా? పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని నీకు ఎవరూ చెప్పలేదా?" అన్నది. పోచినాయకుడు తల వంచుకొన్నాడు. పాపం, తల్లిని కష్టపెట్టాలని ఆయన అనుకోలేదు. నీడలో కూర్చొని ఎదురుచూడటమే గౌరవమని అనుకొన్నాడు.

ఆ మాటలు విన్న కోడలు కాచాంబ మరునాటినుంచి ప్రయాణపు పెత్తనం తాను తీసుకొన్నది. గుడారాలు వద్దన్నది, గంగాళాలు వద్దన్నది. ఎవరి చద్దిమూట వారిదే, పెరుగన్నం, ఊరమిరపకాయలు చాలునన్నది. ఎండ ఏ పూటకు ఏ వాలున పడుతుందో గొర్రెలకాపరులను అడిగి తెలుసుకొని, నీడ ఉన్న దారి, కాస్త చుట్టయినా సరే మెత్తగా ఎక్కే దారి ఎంచుకొన్నది. అన్నిటికన్నా ముఖ్యంగా, "అత్తయ్య అందరికన్నా ముందు నడుస్తుంది. ఆమెను దాటి ఒక్కరూ అడుగు వేయరాదు. ఆమె కూర్చుంటే కూర్చోవాలి, ఆమె లేస్తేనే లేవాలి. దొరగారైనా సరే" అని నియమం పెట్టింది.

వానలు వెనుకబట్టి, కొండంతా కడిగిన ముత్యంలా ఉన్న ఒక శరత్కాలపు వేకువన వారు బయలుదేరారు. ఆనాటి నడక కథ చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ హాయిగా కళ్ళు మూతపడతాయి. మంచు ఇంకా గడ్డిమీదనే ఉన్నది. ముందు ముసలమ్మ, ఆమె వెనుక కోడలు, ఆ వెనుక తన జీవితంలో మొట్టమొదటిసారి మెల్లగా నడుస్తున్న కొడుకు. ఆకుల సందులనుంచి రాలే వెలుతురు వారి భుజాలమీద పడి, జారి, మళ్ళీ పడుతున్నది. ఎక్కడో ఒక పిట్ట కూసి, జవాబు కోసం ఆగుతున్నది. పోచినాయకుడు "ఈ కొండమీద ఇన్ని పూలున్నాయా!" అని ఆశ్చర్యపోయాడు. ఉండక ఎక్కడికి పోతాయి, పరుగెత్తేవాడి కంటికి పూలెలా ఆనుతాయి? తామరకొలనులో ప్రోలమాంబ స్నానమాడింది. అలుపు తీరేదాకా కూర్చొని లేచి, అద్దాలకొలనులోనూ మునిగింది. ఇక మిగిలింది మబ్బుకొలను. పొద్దు ఇంకా చాలినంత ఉన్నది, ఆమె ముఖాన ఆశ వెలిగింది.

అద్దాలకొలను దాటగానే దారి బండలనడుమ ఇరుకై, ఒక్కరు పట్టేటంత మాత్రమే ఉంటుంది. అక్కడ వారి ముందు ఒక అవ్వ నడుస్తున్నది. ఏ ఊరిదో తెలియదు, నడుము వంగిపోయి ఉన్నది. అడుగు తీసి అడుగు వేయడానికి ఒక పాట పాడేటంత సేపు పడుతున్నది. ప్రోలమాంబ నడకే నత్తనడక అనుకొంటే, ఈ అవ్వముందు ఆమె నడక గుర్రపు దౌడు. పొద్దు పడమటికి వాలసాగింది. పోచినాయకుడికి పాత తొందర లేచివచ్చి, "అవ్వా, కాస్త పక్కకు ఒత్తిగిల్లు, మా అమ్మ మొక్కు..." అనబోయాడు. ప్రోలమాంబ చటుక్కున అతని చేయి పట్టుకొన్నది.

"వద్దు నాయనా. మెల్లగా నడిచేవారిని తొందరపెడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొద్దుటినుంచి మీరంతా నా వెనుక నడవలేదా? ఈ తల్లి వెనుక నేను నడవలేనా? మొక్కు తీరకపోతే కొలనమ్మకు నేనే చెప్పుకొంటాను" అన్నది. అన్నదే గాని, గుండె చెరువైపోయింది. ఈ ఏడు దాటితే తన కాళ్ళు మళ్ళీ ఈ కొండ ఎక్కవని ఆమెకు తెలుసు. అయినా దాటలేదు. అవ్వ వెనుక అడుగులో అడుగు వేసుకొంటూ, కొంగుతో కళ్ళు తుడుచుకొంటూ నడిచింది. శిఖరం ఇంకా ఎంతో ఎత్తున ఉండగానే ఎండ పసుపురంగు తిరిగింది. "ఇక దిగుదాం, చీకటి పడకముందే అందరం ఇల్లు చేరాలి" అని ఆమె ఆగిపోయింది.

అప్పుడు అవ్వ మొదటిసారి వెనుదిరిగి చూసి, "ఎందుకే తల్లీ ఏడుస్తావు? నాకూ కాళ్ళు లాగుతున్నాయి. ఇక్కడ కాసేపు కూర్చుందాం రా" అన్నది. ఇద్దరూ కూర్చున్నారు. నియమం ప్రకారం వెనుకనున్నవారందరూ కూర్చున్నారు. శిఖరంనుంచి ఒక తెల్లని మేఘం మెల్లగా, కొంగు దిగజారినట్లు కిందికి జారింది. ఎవరికీ తెలియకుండానే అందరి రెప్పలూ వాలాయి. ఎంతసేపని ఎవరూ చెప్పలేకపోయారు. పాదాలకు చల్లగా తగిలి కాచాంబ ముందు కళ్ళు తెరిచింది. "అత్తయ్యా, లే! చూడు!" అని కేక వేసింది. వారి పాదాల చుట్టూ నీరు! ఆ నీటిలో మేఘాలు, ఆ మేఘాల నడుమ విచ్చుకొన్న తెల్లకలువలు. మబ్బుకొలనే దిగివచ్చింది! అవ్వ లేదు. ఆమె కూర్చున్నచోట పీటలాంటి ఒక నల్లరాయి మాత్రం తడితడిగా ఉన్నది. పొద్దు చూస్తే, వారు కూర్చున్నప్పుడు ఎక్కడ ఉన్నదో అక్కడనే ఉన్నది. ప్రోలమాంబ "నా తల్లీ, నాకోసం నువ్వే దిగివచ్చావా!" అని బావురుమంటూ ఆ నీట మునిగింది. ఆ సాయంకాలం జాజులకోటలో దీపం ఆమె చేతులతోనే వెలిగింది.

మరునాడు పైకెక్కి చూసినవారికి శిఖరాన కొలను లేదు, తడి ఆరని కలువకాడలు పడి ఉన్న ఒక పెద్ద గిన్నెలాంటి పల్లం కనిపించింది. నేటికీ ఎంత కుంభవృష్టి కురిసినా ఆ పల్లంలో చుక్క నీరు నిలవదు, నడిదారిలో ఉన్న మబ్బుకొలను ఏ ఎండకూ ఎండదు. నల్లరాతి పీఠాన వెలసిన కొలనమ్మను ఆనాటినుంచి నెమ్మదమ్మ అని, కొండను నెమ్మదికొండ అని పిలుస్తున్నారు. పసిబిడ్డనెత్తుకొన్న బాలింతరాలు సైతం పొద్దున ఎక్కి సాయంకాలానికి హాయిగా దిగగల కొండ ఇది. ఏటా శరత్పూర్ణిమనాడు అమ్మవారి పల్లకి కొండపాదాన సిద్ధంగా నిలిచినప్పుడు, అర్చకులు జనం వైపు తిరిగి, "మీలో అందరికన్నా మెల్లగా నడిచేవారెవరు?" అని అడుగుతారు. కుంటివారో, ముసలివారో, నిండుచూలాలో ఎవరో ఒకరు చేయెత్తుతారు. వారికి పసుపుకుంకుమలిచ్చి అందరికన్నా ముందు నిలబెడతారు. ఆ మనిషి నడిస్తే పల్లకి నడుస్తుంది. ఆ మనిషి అలిసి చెట్టుకింద కూర్చుంటే బోయీలు పల్లకి దించుతారు, మేళం ఆగుతుంది, అమ్మవారూ అక్కడే, ఆ నీడలోనే, వారు లేచేదాకా కూర్చుంటుంది.