కోతల పండగకి కొత్త స్టైల్

హనోకుకి ఏ శబ్దమూ రెండో రోజుకి నచ్చేది కాదు.

నిన్న బాగుందనుకున్న తబలా తెల్లారేసరికి పొడిపొడిగా వినపడేది. కాస్త ప్రతిధ్వని కలిపితే బావిలో కూర్చుని వాయించినట్టుండేది. తగ్గించేవాడు, మళ్ళీ పెంచేవాడు. వేణువు కింద వయొలిన్లు పరిచేవాడు. అవి మరీ ఏడుస్తున్నాయని తీసేసి గిటారు పెట్టేవాడు. అన్నం తింటూ కూడా కంచం అంచు మీద వేళ్ళు ఆడిస్తుంటే వాళ్ళమ్మ చేతి మీద ఒక్కటి వేసేది.

అతనిది తాళాన్ని తనే వాయించుకునే రకం కీబోర్డు. ఎడమచేత్తో మూడు మెట్లు కలిపి నొక్కితే చాలు, తబలా, గిటారు, వయొలిన్లు అన్నీ కలిసి బయల్దేరతాయి. ఆ మొత్తం వరసని స్టైల్ అంటారు. కీబోర్డుతో పాటు వచ్చిన స్టైల్స్ హనోకు కంటికి ఆనేవి కావు. తనే కూర్చుని తయారుచేసేవాడు, వాటికి పేర్లు పెట్టేవాడు. కోతల పండగ. కోతల పండగ ఫైనల్. ఫైనల్ కొత్తది. ఇదే ఫైనల్. ఇంకా ఎన్ని ఫైనళ్ళున్నాయో అతని పెన్‌డ్రైవ్‌కే తెలియాలి.

ఇంత హడావిడికీ కారణముంది. బాపట్ల దగ్గర ఉన్న వాళ్ళ చర్చిలో ఇన్నేళ్ళూ వాయించింది అతని గురువు జ్ఞానరత్నం మాస్టారు. మొదట హార్మోనియం, తరవాత కీబోర్డు. ఈమధ్య ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఈ ఏడు కోతల పండగకి నువ్వే కూర్చోమని శిష్యుడికి చెప్పేశారు. పైగా ఆ రోజు పాడేది సువార్తమ్మ.

సువార్తమ్మ గొంతెత్తితే చర్చి బయట చెప్పులు విప్పుకునేవాళ్ళు కూడా తొందరపడి లోపలికి వచ్చేవాళ్ళు. పోయినేడు ఊపిరితిత్తుల జబ్బు చేసి మంచం పట్టింది. లేచి తిరుగుతోంది గానీ పాట మానేసింది. వెనక బెంచీలో కూర్చుని, అందరూ పాడుతుంటే పెదవులు కూడా కదిపేది కాదు. ఆమెని అలా చూడటం ఎవరికైనా కష్టంగానే ఉండేది. అలాంటి మనిషి తనంతట తానే పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి, పండగకి ఒక పాత కీర్తన పాడతానని అడిగింది. ఆ మాట విన్న రోజు చర్చిలో చాలామంది ఇంటికి సంతోషంగా వెళ్ళారు.

మొదటి ప్రాక్టీసు సగంలోనే చెడింది. సువార్తమ్మ ఎత్తుకోవడం బాగానే ఎత్తుకుంది. మూడో పాదం మధ్యలో ఊపిరి చాలక ఆగింది. తబలా ఆగలేదు. దానికేం తెలుసు పాపం, దాని దారిన అది పోయింది. హనోకు ముచ్చటపడి పెట్టుకున్న డ్రమ్ముల ఉరుము సరిగ్గా ఆ ఖాళీలోనే పడింది. ఆమె ఉలిక్కిపడి, తాళాన్ని అందుకోవాలని రెండు మాటలు గబగబా పాడి, దగ్గు తెరలో పడింది.

వేగం ఎక్కువైందనుకున్నాడు హనోకు. ఇంటికెళ్ళి తగ్గించాడు. అంతటితో ఊరుకుంటే అతను హనోకు ఎందుకవుతాడు? మూడో పాదం మధ్యలో, ఆమె ఆగిన చోటే, వాయిద్యాలన్నీ ఆగి మళ్ళీ అందుకునేలా కొత్త స్టైల్ ఒకటి తయారుచేశాడు. చాలా ముద్దుగా కుదిరింది. తనే పాడుకుని చూసుకున్నాడు, తనే మురిసిపోయాడు.

రెండో ప్రాక్టీసులో సువార్తమ్మ మూడో పాదం మొత్తం ఒక్క ఊపున పాడేసింది. ఆమె పాడుతుంటే వాయిద్యాలు ఆగిపోయాయి. తీరా నాలుగో పాదంలో ఆమె ఆగితే అవి హోరెత్తాయి.

హనోకుకి ఒళ్ళు మండింది. "మొన్న అక్కడ కదా పెద్దమ్మా మీరు ఆగింది" అన్నాడు.

సువార్తమ్మ పమిట చెంగుతో నోరు తుడుచుకుంది. "ఊపిరి ఎక్కడ అయిపోతుందో నాకు మాత్రం ముందే తెలుస్తుందా నాయనా?" అంది. పండగకి పిల్లల చేత పాడించమని, తను వెనకే కూర్చుంటానని చెప్పి లేచింది. కోపంగా చెప్పినా బాగుండేది. చాలా మెల్లగా చెప్పింది.

ఆ మాటతో హనోకుకి కాలు ఒకచోట నిలవలేదు. ఇంటికెళ్ళి నాలుగో పాదంలోనూ ఖాళీ పెట్టాడు. మళ్ళీ రెండో పాదంలో ఆగితేనో అని అక్కడా పెట్టాడు. చివరికి విని చూసుకుంటే పాట గతుకుల రోడ్డు మీద ఆటోలా ఉంది. అన్నీ చెరిపేసి కీబోర్డుని సంచిలో దూర్చి, బండి మీద కట్టుకుని మాస్టారి ఇంటికి బయల్దేరాడు.

జ్ఞానరత్నం మాస్టారు వాకిట్లో కుర్చీ వేసుకుని తలకి కొబ్బరినూనె రాసుకుంటున్నారు. హనోకు బండి స్టాండు వెయ్యకముందే మొదలుపెట్టాడు. జరిగిందంతా చెప్పాడు. తను పెట్టిన ఖాళీలూ, మార్చిన తబలాలూ, తగ్గించిన వేగాలూ ఒక్కటి కూడా వదలకుండా చెప్పాడు. మాస్టారు నూనె రాసుకోవడం పూర్తయింది గానీ ఇతని చెప్పడం పూర్తి కాలేదు.

"ఇంతకీ వేగం ఎంత పెట్టమంటారు మాస్టారూ?" అన్నాడు చివరికి.

మాస్టారు సీసాకి మూత పెట్టారు. సాయంత్రం చర్చి దగ్గర ఉండమన్నారు. సువార్తమ్మని తను తీసుకొస్తానన్నారు. హనోకు ఆ మధ్యాహ్నమంతా ఆయన ఏ అంకె చెబుతారోనని తనలో తను పందేలు కాసుకున్నాడు.

సాయంత్రం ముగ్గురే ఉన్నారు. సువార్తమ్మ బలవంతం మీద వచ్చినట్టు ముందు బెంచీలో ఒక చివర కూర్చుంది. హనోకు కీబోర్డు ముందు కూర్చుని, గురువుగారి ముందు పరువు దక్కాలని ఉన్నవాటిలో మంచి స్టైల్ వెతికి పెట్టాడు. మాస్టారు పక్కకి వచ్చి నిలబడి, శబ్దం పెంచే చక్రాన్ని పట్టుకుని పూర్తిగా ఎడమకి తిప్పేశారు.

"ఇప్పుడు వాయించు" అన్నారు.

"ఏమీ వినపడదు కదా మాస్టారూ."

"ఆమె వినపడుతుందిగా."

సువార్తమ్మ ఎత్తుకుంది. హనోకు వేళ్ళు మెట్ల మీద టకటకమంటున్నాయి, అంతే. తాళానికి తగ్గట్టు వెలిగి ఆరే చిన్న ఎర్రదీపం ఒకటి ఉంటుంది. వినడానికేమీ లేకపోయేసరికి అతని కళ్ళు దాన్ని పట్టుకున్నాయి. కాలు దానితో పాటే ఆడింది. ఆమె ఆగింది. దీపం ఆగలేదు, అతని చెయ్యీ ఆగలేదు.

మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి ఆ దీపం మీద కప్పారు. మళ్ళీ మొదటి నుంచి పాడమన్నట్టు సువార్తమ్మకి చెయ్యి ఊపారు.

ఇక హనోకుకి చూడటానికీ వినడానికీ ఆమె తప్ప ఏమీ మిగల్లేదు. మొదట చాలా ఇబ్బందిగా ఉంది. వేళ్ళు బటన్ల కోసం తడుముకున్నాయి. తరవాత తరవాత ఒక్కొక్కటీ వినపడసాగింది. మాట చివర ఆమె గొంతు కొంచెం సన్నబడుతుంది. ఊపిరి అయిపోయే ముందు ఛాతీలో చిన్న పిల్లికూత లాంటిది వస్తుంది. మళ్ళీ అందుకునే ముందు ఒళ్ళో ఉన్న చెయ్యి కాస్త పైకి లేస్తుంది. ఇన్నేళ్ళుగా ఆమె పాటలో వాయిద్యాన్నే వింటూ పెరిగినవాడు, రెండు ప్రాక్టీసుల్లోనూ ఇవేవీ గమనించలేదు. సిగ్గేసింది.

రెండో పాదంలో ఆమె ఆగింది. హనోకు చూసుకునేసరికి అతని ఎడమచెయ్యి మెట్ల మీద నుంచి లేచి గాలిలో ఉంది.

పాట పూర్తయింది. మాస్టారు తువ్వాలు తీసుకుని దులిపి భుజాన వేసుకున్నారు. సువార్తమ్మని ఇంటి దగ్గర దింపాలంటూ ఆమెతో పాటు బయటికి నడిచారు. శబ్దం చక్రాన్ని మళ్ళీ కుడికి తిప్పలేదు.

హనోకు ఒక్కడే కీబోర్డు ముందు మిగిలాడు. ఆ కీబోర్డు మీద ఒక బటన్ ఉంది. అది ఒకసారి నొక్కితే ఎడమచెయ్యి మెట్ల మీద ఉన్నంతసేపే తాళం నడుస్తుంది. చెయ్యి ఎత్తగానే ఆగిపోతుంది, దించగానే మళ్ళీ మొదలవుతుంది. ఇంకా చెయ్యి తిరగని పిల్లల కోసం పెట్టారని అతను దాని జోలికి ఎన్నడూ పోలేదు. ఆ సాయంత్రం చక్రాన్ని తనే కుడికి తిప్పి, దాన్ని నొక్కాడు. నొక్కాక తెలిసింది, అది పిల్లల పని కాదని. మెట్లు మారేటప్పుడు వేలు ఒక్కటి ముందుగా లేచినా తాళం తెగుతోంది. పండగ దాకా వేరే ఏ శబ్దాన్నీ ముట్టుకోకుండా ఎడమచేతినే సాధన చేశాడు. చెప్పుకోవడానికి తేలికే గానీ, అతనికి అది ఉపవాసం కంటే కష్టమైంది.

కోతల పండగ రోజు బలిపీఠం ముందు గుమ్మడికాయలు, చెరుకు గడలు, వరి కట్టలు నిండిపోయాయి. ఎవరో కానుకగా తెచ్చిన కోడిపెట్టని బెంచీ కోడుకి కట్టేశారు. సువార్తమ్మ లేచి నిలబడింది. హనోకు ఎడమచెయ్యి దించాడు, తబలా మెత్తగా మొదలైంది.

మూడో పాదం దాకా ఎలాగో నడిచింది. అక్కడ ఆమె ఆగింది. హనోకు చెయ్యి ఎత్తాడు. వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఈసారి ఆమె చాలాసేపు ఆగింది. ఎప్పుడూ అంతసేపు ఆగలేదు. కరెంటు పోయిందేమోనని అయ్యగారు ఫ్యాను వైపు చూశారు. కుర్రకారు తలలు తిప్పి హనోకు వైపు చూశారు. కోడి రెండుసార్లు కొక్కొక్కోమంది. ఏదో ఒకటి వాయించి ఆ ఖాళీ పూడ్చాలని హనోకుకి, వయొలిన్ తీగ ఒక్కటైనా సాగదియ్యాలని కుడిచేతి వేళ్ళు లాగేస్తున్నాయి. ఏం వాయించాలన్నా తప్పుగానే అనిపించింది. చెయ్యి గాలిలోనే ఉంచుకుని ఆమె చేతి వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ చెయ్యి కాస్త పైకి లేచింది. సువార్తమ్మ నిండుగా ఊపిరి పీల్చుకుని పాట అందుకుంది. ఆమెతో పాటే తబలా అందుకుంది. చివరి పాదానికి వచ్చేసరికి వెనక బెంచీల వాళ్ళు కూడా లేచి నిలబడి పాడుతున్నారు.

ఆరాధన అయ్యాక జనమంతా సువార్తమ్మ చుట్టూ మూగారు. హనోకు కీబోర్డు సంచి భుజాన వేసుకుని చర్చి గుమ్మం మెట్ల దగ్గర మాస్టారిని పట్టుకున్నాడు.

"మూడో పాదంలో ఆమె ఆగినప్పుడు ఏం వాయించాలో నాకు తోచలేదు మాస్టారూ" అన్నాడు.

మాస్టారు చెప్పులేసుకుంటున్నవారు తల ఎత్తకుండానే అన్నారు.

"అందుకే ఆమెకి ఊపిరి అందింది."